శాతవాహనుల వెండినాణెములపైని రెండు భాషలు

పాణినీయమున రూపశబ్దముపై ఆహతార్థమున యప్ప్రత్యయము వచ్చి రూప్యశబ్దము సిద్ధించుచున్నది. ఆహతమనఁగా ముద్రతోఁ గొట్టఁబడినది. కావున నాణెమునకు లోహమెంత ముఖ్యమో దానిపైని రూపమును అంత ముఖ్యమని పదనిష్పత్తియే తెలుపుచున్నది. ఈ దృష్టితోఁ జూచినచో శాతవాహనుల వెండినాణెములు చరిత్రకారునికే కాక వైయాకరణునకును విచార్యములు.

శాతవాహనుల నాణెములలోఁ బెక్కులు సీసముతోను, రాగితోను, మిశ్రలోహముతోను జేయఁబడినవి. వానిపై సాధారణముగా ఏనుఁగు, సింహము, గుఱ్ఱము, ఓడ మొదలగు రూపములు గానవచ్చును. రాజముఖముగల వెండినాణెములు వేఱు జాతివి. ఈ పద్ధతికి మూలము పశ్చిమక్షత్రపుల నాణెములు. 1906వ సంవత్సరమున నాసికమండలములోని జోగల్‌తెంభి గ్రామమునఁ బదుమూఁడువేలకు మించిన నహపానుని వెండినాణెములు దొరకినవి. అందుఁ దొమ్మిదివేలకుఁ బైగా గౌతమీపుత్ర శాతకర్ణి ముద్రలతో మరలఁ గొట్టఁబడినవి. క్షత్రపుని ముఖముమీఁదనే విజేత తన చైత్యచిహ్నమును నామమును వేయించెను. ఓడిన రాజు నాణెమును గరఁగింపక దానిపైననే తన ముద్ర వేయించుట విజయమును జాటు శాసనము వంటిది.

తరువాత క్రీ.శ. 2వ శతాబ్దిని వాసిష్ఠీపుత్ర పుళుమావి, గౌతమీపుత్ర యజ్ఞశాతకర్ణి మున్నగువారు స్వముఖాంకితములైన నాణెములను వేయించిరి. వీనికి ఒకవైపున కుడిదిక్కునకుఁ దిరిగిన రాజశిరస్సు, దానిచుట్టు ప్రాకృతలేఖ. రెండవవైపున ఆఱు కమానుల కొండ, సిలువవలె నమర్చిన నాలుగు వలయముల ఉజ్జయినీచిహ్నము, క్రింద నదిని దలపించు వంకరగీఁత, వీనిచుట్టు మఱియొక లేఖ. పుళుమావి నాణెముమీఁది మొదటి లేఖ "రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస" అని యున్నది. రెండవ లేఖను బలువురు "అరహణకు వాహిఠి మాకణకు తిరు పుళుమావికు" అని చదివిరి.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలయును. నహపానుని నాణెములపై గ్రీకు, ఖరోష్ఠి, బ్రాహ్మి యను మూఁడు లిపులున్నను భాష యొక్కటియే. గ్రీకులిపిలో నున్నదియుఁ బ్రాకృతమే. శాతవాహనుల నాణెములపై లిపి రెండువైపులను బ్రాహ్మియే, భాషలు మాత్రము రెండు. వారు క్షత్రపులనుండి ముఖచిత్రమును గ్రహించిరి కాని లేఖావిన్యాసమును దలక్రిందు చేసిరి. ఒక మాటను బలు లిపులలోఁ జూపుటకు మాఱుగా ఒక లిపిలోఁ బ్రజల మాటకుఁ జోటిచ్చిరి.

రెండవ లేఖయందలి వివాదమంతయు నొక్క యక్షరము మీఁద నాధారపడియున్నది. తొలుతఁ బరిశీలించినవారిలోఁ గొందఱు పదాంతాక్షరమును "ష" అని చదివి, దీనిని బ్రాకృతభేదముగా నెంచిరి. తరువాతివారు దానిని "కు" అని చదివిరి. "కు" అను పాఠము నిలిచినచో నది ద్రావిడవిభక్తి. ప్రాకృతమునఁ జతుర్థికి మాఱుగా షష్ఠియే వచ్చును. తెలుఁగువ్యాకర్తలు కిన్, కున్ అను వానిని యొక్క, లోన్, లోపలన్ అను వానితోఁ జేర్చి షష్ఠిగాఁ బఠించిరి. కావున "స" అను ప్రాకృతషష్ఠికి "కు" సరియైన ప్రతిరూపమే యగును.

అయినను దీనిచేతనే యా భాష తెలుఁగని నిశ్చయింపరాదు. "కు" అరవమునఁ జతుర్థిగాఁ గలదు. "మాకణ" శబ్దము అరవపు "మకన్" శబ్దమును, "అరహణ" శబ్దము "అరశన్" శబ్దమును దలపించును. సకారమునకు హకారము వచ్చుటయు నాలోచింపఁదగినది. అందుచేతఁ గొందఱు దీనిని అరవమనియుఁ, గొందఱు తెలుఁగనియు, మఱికొందఱు ద్రావిడచ్ఛాయగల ప్రాకృతమనియుఁ జెప్పిరి. భాషాభిమానము పాఠనిర్ణయమునకుఁ బ్రమాణము గాదు. అరిగిన యక్షరమును బూర్తిచేయుటకు ముందు పెక్కు నాణెముల ప్రతిబింబములను బ్రక్కప్రక్కనుంచి చూడవలయును.

తెలుఁగు శాసనములలోఁ బ్రాచీనమైనదిగాఁ బేర్కొనఁబడు కలమళ్ల శాసనము సుమారు క్రీ.శ. 575 నాఁటిది. నాణెముమీఁది "కు" నిలిచెనేని అంతకు నాలుగువందల యేండ్లకు ముందే యొక దేశభాషావిభక్తి రాజముద్రయందుఁ జోటు సంపాదించినట్లు తేలును. ఏ భాషదని నిర్ణయించినను దాని విలువ తగ్గదు. రాజు మోము ఒకవైపునఁ జెక్కించుకొనినవాఁడు రెండవవైపున జనుల పలుకును జెక్కించెను. ఆ పలుకును సరిగాఁ జదువుట పండితుల పని.