స్లీప్ అప్నియా: గొంతు ఆపరేషన్ ఎవరికి మేలు చేస్తుంది?

సంగీత దర్శకుడు బప్పీ లహిరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో కన్నుమూశారు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో తెలుగువారికి దగ్గరైన ఆయన మరణానికి అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా కారణమని వైద్యులు ప్రకటించారు. గురకను గాఢనిద్రకు గుర్తుగా భావించే ఇళ్లలో ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడదు. దేశంలో పనిచేసే వయసువారిలో సుమారు 10.4 కోట్ల మందికి ఇది ఉండవచ్చని ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో అంచనా వేశారు.

జబ్బు బయటపడ్డాక చాలామంది మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘ఆపరేషన్‌తో పోతుందా?’

గొంతులో జరిగేది

ముక్కు వెనక నుంచి స్వరపేటిక వరకు ఉన్న గాలిదారికి ఎముకల ఆసరా తక్కువ. మెలకువగా ఉన్నప్పుడు కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. దారి ముందే ఇరుకుగా ఉన్నవారిలో మెత్తటి అంగిలి, కొండనాలుక, నాలుక మొదలు, పక్క గోడలు దగ్గరకు వచ్చి గాలిని అడ్డుకుంటాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి నిద్రను చెదరగొడుతుంది, శ్వాస మళ్లీ మొదలవుతుంది. ఇదంతా మనిషికి గుర్తుండదు. పగటి కునుకుపాట్లు, ఉదయపు తలనొప్పి, అదుపులోకి రాని రక్తపోటు మాత్రం మిగులుతాయి.

కనీసం 10 సెకన్ల పాటు శ్వాస ఆగినవి, బాగా తగ్గినవి గంటకు ఎన్నో నిద్ర పరీక్షలో లెక్కిస్తారు. పెద్దవారిలో 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 లేదా అంతకు మించితే తీవ్రం.

కత్తి ఎంతవరకు?

1981 ఈ జబ్బు చరిత్రలో ముఖ్యమైన ఏడాది. ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ బృందం ముక్కు ద్వారా ఒత్తిడితో గాలిని పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ పద్ధతిని ఆ ఏడాదే ప్రచురించింది. అమెరికాలో షిరో ఫుజిటా మెత్తటి అంగిలి అంచును, కొండనాలుకను, టాన్సిల్స్‌ను తొలగించి దారిని వెడల్పు చేసే శస్త్రచికిత్సను ప్రతిపాదించిందీ అప్పుడే. దాన్నే యూపీపీపీ అంటారు.

ఆపరేషన్ ఫలితం గొంతు నిర్మాణంపై ఆధారపడుతుంది. మైకేల్ ఫ్రైడ్‌మన్ బృందం 2002లో ప్రచురించిన వివరాల ప్రకారం, పెద్ద టాన్సిల్స్ ఉండి, నోరు తెరిస్తే నాలుక వెనక భాగం బాగా కనిపించేవారిలో సుమారు 80 శాతం మందికి ఇది ఫలించింది. టాన్సిల్స్ చిన్నవై, నాలుక ఎత్తుగా దారిని కప్పేసే వారిలో ఫలితం 8 శాతం దగ్గరే ఆగింది. కారణం సులభం: అడ్డు నాలుక మొదట్లో ఉంటే అంగిలిని కత్తిరించి ప్రయోజనం లేదు.

‘ఫలించింది’ అనే మాటనూ జాగ్రత్తగా చదవాలి. ఆ సంఖ్య సగానికి తగ్గి, 20 కంటే దిగువకు వస్తే విజయంగా లెక్కించడం శస్త్రచికిత్స అధ్యయనాల్లో ఆనవాయితీ. స్వీడన్‌లో సీప్యాప్ వాడలేకపోయిన 65 మందిని ఎంపిక చేసి జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. ఆరు నెలలకు ఆపరేషన్ అయినవారిలో సగటు 53 నుంచి 21కి తగ్గింది. కానివారిలో 53 నుంచి 47కే తగ్గింది. లాభం పెద్దదే. అయితే 21 అంటే ఇంకా మధ్యస్థ స్థాయి జబ్బే. గురక ఆగినా శ్వాస ఆగడం కొనసాగవచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకు నిద్ర పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.

నష్టాలూ ఉన్నాయి. రెండు వారాల దాకా మింగడానికి తీవ్రమైన నొప్పి ఉంటుంది. రక్తస్రావం కావచ్చు. కొందరిలో ద్రవాలు ముక్కులోకి రావడం, గొంతులో ఏదో అడ్డుపడినట్లు ఉండటం, గొంతు పొడిబారడం మిగిలిపోతాయి. అంగిలిని ఎక్కువగా తీసేస్తే తర్వాత సీప్యాప్ గాలి నోటి నుంచి జారిపోవచ్చు. అందుకే ఇప్పుడు కణజాలాన్ని వీలైనంత నిలిపి, కుట్లతో దారిని సర్దే పద్ధతుల వైపు వైద్యులు మొగ్గుతున్నారు.

దీవుల లెక్క వేరు

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)లోని మిన్నీ బే వంటి చోట ఉండేవారు ప్రత్యేక చికిత్సకు చెన్నైకో, విశాఖకో వెళ్లాలంటే మధ్యలో వెయ్యి కిలోమీటర్లకు మించిన సముద్రం. ఓడలో రెండు రోజులకు పైగా ప్రయాణం. గొంతు ఆపరేషన్ తర్వాత రక్తస్రావం వారం, పది రోజులకు కూడా రావచ్చు. కాబట్టి కనీసం రెండు వారాలు పెద్దాసుపత్రికి దగ్గరలో ఉండి, వైద్యుడు సరేనన్నాకే తిరుగు ప్రయాణం పెట్టుకోవడం మంచిది. మళ్లీ చేయించాల్సిన నిద్ర పరీక్ష ఎక్కడో ముందే తేల్చుకోవాలి.

సీప్యాప్‌కూ అక్కడ చిక్కులున్నాయి. కరెంటు పోతే యంత్రం ఆగుతుంది. మాస్కు పాడైతే కొత్తది వచ్చేసరికి రోజులు పడుతుంది. అయితే తేమ కోసం ఉండే హీటర్‌ను ఆపితే యంత్రానికి విద్యుత్తు తక్కువే చాలు. తగిన బ్యాటరీతో రాత్రి గడిచిపోతుంది. అదనపు మాస్కు, ఫిల్టర్లు ముందే తెచ్చుకోవచ్చు. ఈ చిక్కులకు పరిష్కారం ఉంది. తీసేసిన అంగిలిని మాత్రం తిరిగి పెట్టలేరు.

నిర్ణయానికి ముందు

శస్త్రవైద్యుణ్ని కొన్ని సంగతులు అడగాలి. అడ్డు ఏ చోట ఉంది? నిద్రమత్తు ఇచ్చి ఎండోస్కోపీతో చూశారా? ఈ గొంతుకు, ఈ బరువుకు ఎంత ఫలితం ఆశించవచ్చు? సీప్యాప్ నచ్చకపోవడానికి మాస్కు కొలత, మూసుకుపోయిన ముక్కు వంటి సరిదిద్దగల కారణాలున్నాయా?

బరువు 10 శాతం తగ్గితే శ్వాస ఆగే సంఖ్య సుమారు 26 శాతం తగ్గుతుందని 2000లో వెలువడిన అమెరికా అధ్యయనం అంచనా వేసింది. స్వల్ప, మధ్యస్థ స్థాయిల్లో కింది దవడను ముందుకు నిలిపే దంత పరికరమూ పనికొస్తుంది. టాన్సిల్స్, ఎడినాయిడ్లు పెరిగిన పిల్లల్లో మాత్రం సాధారణంగా ఆపరేషనే మొదటి చికిత్స. పెద్దవారిలో సీప్యాప్‌ను సరిగా ప్రయత్నించి, కుదరక, గొంతు నిర్మాణం అనుకూలంగా ఉన్నవారికి శస్త్రచికిత్స గట్టి అవకాశం. ఏ దారి ఎంచుకున్నా, ఆపరేషన్ తేదీ ఖరారయ్యేలోపు కూడా శ్వాస ఆగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ రాత్రుల కోసమైనా చికిత్స వెంటనే మొదలుపెట్టాలి.