గృహఋణమునకు ముందు ఋణచరిత్ర

పూర్వము గ్రామమున మనిషి మాటను జూచి అప్పిచ్చెడివారు. నేడు బ్యాంకువారు ఇల్లు తాకట్టు పెట్టుకొనుటకు ముందు మన ఋణచరిత్రను జూతురు. నేను బడిలో మార్కులు వేసినట్లే, సిబిల్ మొదలగు నాలుగు సంస్థలు మన చెల్లింపులను బట్టి 300 మొదలు 900 వఱకు అంకె నిచ్చును. అంకె హెచ్చినకొలది నమ్మిక హెచ్చును.

పెద్దలకు నేను ముఖ్యముగా విన్నవించునది హామీ విషయము. బంధువు అప్పునకు మీరు హామీ సంతకము చేసినచో, ఆ యప్పు మీ చరిత్రయందును చేరును. అతడు వాయిదా తప్పినచో మచ్చ మీకును అంటవచ్చును.

కావున దరఖాస్తునకు కొన్ని మాసములు ముందే ఆ పత్రమును తెప్పించి చదువుడు. 2017 నుండి ప్రతి సంస్థయు ఏటికొకసారి దానిని ఉచితముగా నీయవలెను. తీర్చిన యప్పు తీరనట్లున్నచో, బ్యాంకు ఇచ్చిన ‘బాకీ లేదు’ పత్రమును జతపఱచి ఫిర్యాదు చేయుడు. 30 దినములు దాటినచో, దినమునకు 100 రూపాయల పరిహారము మీకు రావలెనని 2024 నుండి రిజర్వు బ్యాంకు నియమము. బ్యాంకువారు చదువకముందే మన చరిత్రను మనము చదువుట మేలు.