అట్లాంటిక్ దాటే మొనగాళ్లు

విమానాల పట్టికలో కాలాలు రెండే. మార్చి ఆఖరి ఆదివారం వేసవి మొదలవుతుంది, అక్టోబరు ఆఖరి ఆదివారం శీతాకాలం. ఆ రెండు రోజుల్లో అట్లాంటిక్ మీది దారులెన్నో తారుమారు! కొత్త ఊళ్లు చేరతాయి, పాతవి రాలిపోతాయి, పెద్ద విమానం తిరిగిన దారిలో చిన్నది దిగుతుంది. పిల్లల్ని అమెరికా చదువులకు పంపే కాసిపేట, మందమర్రి, గోదావరిఖని ఇళ్లకు ఈ పట్టికతో నేరుగా పని.

బయలుదేరే చోటే ఒక విశేషం. 2008 మార్చి 23న తెరుచుకున్న శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వే పొడవు 4,260 మీటర్లు. 20 మీటర్ల తాటిచెట్లను వరసగా పడుకోబెడితే 213 పడతాయి!

అక్కడి నుంచి విమానం ఎగిరిన అతి పొడవైన దారి షికాగోది. 2021 జనవరి 15న ఎయిరిండియా మొదలుపెట్టింది. హైదరాబాద్ నుంచి అమెరికాకు ఆగకుండా వెళ్లిన తొలి సర్వీసు అదే. దూరం దాదాపు 13,300 కిలోమీటర్లు, సీట్లు 238, వారానికి ఒక్కసారి. గ్లోబు మీద హైదరాబాద్‌కూ షికాగోకూ మధ్య దారం బిగించి చూడండి. అది పడమరకు పోదు, రష్యా మీదుగా ఉత్తరధ్రువం దాపుకు ఎక్కి అవతల దిగుతుంది! తర్వాత ఆ సర్వీసు ఆగిపోయింది. దుబాయ్‌లోనో దోహాలోనో లండన్‌లోనో విమానం మారాల్సిన తిప్పలు మళ్లీ మొదలు. ఇంతమంది తెలుగువాళ్లు తిరిగే దారికి నేరు విమానం లేకపోవడం పెద్ద లోటే, అది మళ్లీ రావాలి.

ఆ దారిలో ఎగిరింది బోయింగ్ 777-200ఎల్ఆర్. ఇంధనమే 1,81,000 లీటర్లకు పైగా పడుతుంది. ఈ రకం విమానం 2005 నవంబరులో హాంకాంగ్ నుంచి తూర్పుగా తిరిగి లండన్ చేరింది. 21,601 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు, మధ్యలో ఎక్కడా దిగలేదు!

మరీ చిన్నది? 32 సీట్ల ఎయిర్‌బస్ ఏ318! బ్రిటిష్ ఎయిర్‌వేస్ దీన్ని 2009 నుంచి 2020 దాకా లండన్ సిటీ, న్యూయార్క్ మధ్య తిప్పింది. లండన్ సిటీ రన్‌వే 1,508 మీటర్లే, శంషాబాద్‌దానిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. నిండా ఇంధనంతో అక్కడ లేవలేదు. అందుకే ఐర్లండ్‌లోని షానన్‌లో దిగి ఇంధనం నింపుకొనేది. ఆ సందులో ప్రయాణికులకు అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ కూడా అయిపోయేది!

అతి వేగం, ధ్వనిని మించి ఎగిరిన కాంకార్డ్ విమానానిది. 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లు. మామూలు విమానాల్లో రికార్డు 2020 ఫిబ్రవరిలో ఒక బోయింగ్ 747 నెలకొల్పింది, 4 గంటల 56 నిమిషాలు. తుపాను గాలి వెనక నుంచి తోసింది మరి! బెల్లంపల్లిలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినా సికింద్రాబాద్‌లో దిగేసరికి ఇంచుమించు అంతే పడుతుంది. అట్లాంటిక్ మీది అదే గాలి అమెరికా వైపు వెళ్లేటప్పుడు ఎదురు కొడుతుంది, చలికాలంలో మరీ ఎక్కువ. చిన్న విమానాలు ఇంధనం చాలక కెనడాలోని గాండర్‌లో దిగిన సందర్భాలున్నాయి. కాలాన్ని బట్టి విమానం మార్చడానికి ప్రయాణికుల రద్దీతో పాటు ఇదీ ఒక కారణం.

విమానంలో అట్లాంటిక్‌ను అందరికంటే ముందు ఆగకుండా దాటింది ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు. 1919 జూన్, దాదాపు 16 గంటలు, దిగింది ఐర్లండ్ బురదనేలలో. అదే ఏడాది అక్టోబరు 7న పుట్టిన కేఎల్ఎం, పేరు మారకుండా ఇప్పటికీ ఎగురుతున్న సంస్థల్లో అతి పాతది. 2025 సెప్టెంబరు నుంచి హైదరాబాద్‌ను ఆమ్‌స్టర్‌డామ్‌తో కలుపుతోంది.

శంషాబాద్‌కు వచ్చిన అతి బరువైన అతిథి ఆంటొనోవ్ 225 విమానం. ఆరు ఇంజన్లు, 32 చక్రాలు, గరిష్ఠ బరువు 640 టన్నులు! 2016 మేలో 117 టన్నుల జనరేటర్ మోసుకెళ్తూ ఇక్కడ ఆగింది. మన ఓపెన్‌కాస్టు గనుల 100 టన్నుల డంపర్ మోసే నిండు లోడు కూడా ఆ ఒక్క యంత్రానికి సరితూగదు. ఆ విమానం 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమైంది. అలాంటిది ప్రపంచంలో అదొక్కటే ఎగిరింది.

కొత్త చాంపియన్ ఎయిర్‌బస్ ఏ321ఎక్స్ఎల్ఆర్. నడవ ఒక్కటే, పరిధి 8,700 కిలోమీటర్లు. 2024 నవంబరు 14న ఐబీరియా సంస్థ దీన్ని మాడ్రిడ్ నుంచి బోస్టన్‌కు నడిపింది, సీట్లు 182. ఇండిగో కూడా వీటిని ఆర్డర్ చేసింది. శంషాబాద్ నుంచి లండన్ దాదాపు 7,750 కిలోమీటర్లు, లెక్క ప్రకారం అందే దూరమే!