అల్మారాలోని బంతులు

2020 మార్చి 22వ తేదీ ఆదివారం దేశమంతటా జనతా కర్ఫ్యూ పాటించారు. ఆ రోజు మేము మదనపల్లెలోని మా మదర్సా గుమ్మంలో నిలబడి వీధి రెండు కొసలూ చూశాము. టమాటా లారీల మోతతో ఎప్పుడూ మేలుకొని ఉండే ఊరిలో రెండు కుక్కలు తప్ప మరొక ప్రాణి కనబడలేదు. మూడు రోజులకు, మార్చి 25 నుంచి, 21 రోజుల లాక్‌డౌన్ మొదలయింది. షాబాన్ మాసం దగ్గరపడి, వార్షిక పరీక్షలు ముగించి పిల్లలను ఇళ్లకు పంపవలసిన సమయమది. దగ్గరి ఊళ్ల పిల్లలను తల్లిదండ్రులు ఎలాగో వచ్చి తీసుకొనిపోయారు. కోలారు, కృష్ణగిరి జిల్లాల పిల్లలు 9 మంది మాత్రం రాష్ట్ర సరిహద్దులు మూసుకొనిపోవడంతో మా వద్దనే నిలిచిపోయారు.

మొదటి వారం పాఠాలతో గడిచింది. రెండవ వారంలో ఒక సాయంత్రం అసర్ నమాజు తరువాత, వారిలో అందరికంటే చిన్నవాడు మా ముందుకు వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"హజ్రత్, ఒక మస్అలా అడగవచ్చునా?"

అడగమన్నాము.

"ఒకరి వస్తువు మరొకరి వద్ద అమానతుగా ఉన్నప్పుడు, యజమాని ఎదుట నిలిచి అడిగితే తిరిగి ఇవ్వవలసి ఉంటుందా?"

తప్పక ఇవ్వవలసి ఉంటుందని, అమానతును అప్పగించడం విశ్వాసి లక్షణమని, ఖుర్ఆన్ వెలుగులో సవివరంగా చెప్పాము. పాఠం బాగా ఒంటబట్టిందని లోలోపల సంతోషించాము కూడా.

"అయితే మా బంతులు ఇప్పించండి, హజ్రత్."

తక్కిన ఎనిమిది మందీ స్తంభం వెనుక ఉన్నారని అప్పుడు గాని మాకు తెలియలేదు.

కిటికీ అద్దం పగిలినప్పుడూ, పొరుగువారు ఫిర్యాదు చేసినప్పుడూ, సబఖ్ వేళకు పిల్లలు కనబడనప్పుడూ మేము స్వాధీనం చేసుకున్న బంతులు పుస్తకాల అల్మారా కింది అరలో చేరుతూ వచ్చాయి. ఆనాడు తీసి లెక్కించగా 13 తేలాయి. కొన్నింటి యజమానులు చదువు ముగించి, పెళ్లిళ్లు చేసుకొని, ఇప్పుడు తమ పిల్లల బంతులు లాక్కొనే వయసుకు వచ్చి ఉంటారు. 13లో 6 మాత్రమే ఇంకా నేల తగిలి పైకి లేస్తున్నాయి.

ఆట మదర్సా ప్రాంగణంలోనే సాగాలని, బంతిని సబ్బుతో కడగాలని, గోడ దాటితే కొట్టినవాడు అవుట్ అని షరతులు పెట్టాము. గోడ అవతలికి వెళ్లి తెచ్చేవారు లేరు గదా! అంపైరు బాధ్యత మాకు అప్పగించారు. ముప్పై ఏళ్లుగా మీరాస్, అనగా వారసత్వపు వాటాల శాస్త్రం బోధిస్తున్నాము. చనిపోయిన మనిషికి ఇద్దరు భార్యలు, ముగ్గురు కుమార్తెలు, ఒక తల్లి, ఒక పినతండ్రి కుమారుడు ఉంటే ఎవరి వాటా ఎంతో క్షణంలో చెప్పగలము. ఎల్‌బీడబ్ల్యూ మాత్రం మాకు కొరుకుడు పడలేదు. బంతి ఎక్కడ పడినది, కాలికి ఎక్కడ తగిలినది, తగలకపోతే ఎక్కడికి పోయి ఉండేది అన్నవి చూడాలట. మేమిచ్చిన మొదటి మూడు తీర్పులనూ పిల్లలు ఎంతో అదబుతో తిరస్కరించారు.

ఆ సాయంత్రాలలో మాకు పదేపదే ఒక హదీసు గుర్తుకు వచ్చేది. ఒక పండుగ నాడు అబిసీనియా వారు మదీనా మస్జిదులో బల్లేలతో ఆట ఆడుతుండగా, దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)ను తమ వెనుక నిలబెట్టుకొని, ఆమెకు తనివి తీరే వరకు చూపించారు. వేరొక ఉల్లేఖనంలో, ఆ ఆటను ఆపడానికి హజ్రత్ ఉమర్ (రజి) గులకరాళ్లు అందుకోగా, వారిని ఆడనివ్వమని ప్రవక్త (స) వారించినట్లు ఉన్నది. ఈ హదీసును మేము ఎన్ని తరగతులకు చెప్పామో లెక్క లేదు. చెప్పి బయటకు వచ్చి బంతులు లాక్కున్న రోజులూ ఉన్నాయి. హజ్రత్ ఉమర్ (రజి) చేతిలోకి గులకరాయి వచ్చినది మస్జిదు గౌరవం కోసం. మా చేతిలోకి బంతి వచ్చినది కిటికీ అద్దం ధర వల్ల. ఈ రెండింటినీ ఒక్కటిగా భావించి మేము కొంతకాలం తృప్తిపడి ఉండవచ్చు.

ఇంటి ముచ్చట్లు వేరు. మాస్కు మా గడ్డం మీద నిలిచేది కాదు. మా శ్రీమతి జానెడు బట్ట ఎక్కువ వేసి ఒకటి ప్రత్యేకంగా కుట్టి ఇచ్చింది. దానిని కట్టుకొని పుంగనూరులోని మా చెల్లెలి కుటుంబానికి వీడియో కాల్ చేస్తే, మేనకోడలు పకపక నవ్వి, "మామూ, మన పుంగనూరు దూడకు చిక్కం కట్టినట్లున్నది!" అన్నది. పుంగనూరు ఆవు పొట్టిదైనా పేరుగాంచినది కనుక దానిని మేము ప్రశంసగానే స్వీకరించాము. ఇంట్లో తరావీహ్ చదివించవలసి వచ్చినప్పుడు, సుదీర్ఘంగా ఖుర్ఆన్ పఠించి సలామ్ చెప్పగానే, "మస్జిదులో మీ వెనుక నిలబడేవారికి కూడా మోకాళ్లు ఉంటాయా?" అని మా శ్రీమతి వెనుక వరుస నుంచి అడిగింది. ఇరవై ఏళ్ల ఇమామత్‌లో ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ ఏప్రిల్‌లో మా టోపీని చూసి పక్కకు జరిగినవారూ ఉన్నారు. ప్రభుత్వం చెప్పిన దూరం కంటే వారు పాటించిన దూరం ఎక్కువ. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

రమజాను మొదటి వారంలో చెల్లెలు ఫోన్ చేసి, "భాయీజాన్, పిల్లలు గవ్వలతో అష్టాచెమ్మా ఆడుతున్నారు, వద్దంటే టీవీ పెడుతున్నారు, ఏం చేయమంటారు?" అని అడిగింది. విషయం చిన్నదిగా కనబడినా జవాబు సులువు కాదు. పాచికలు వేసి ఆడే నర్ద్ ఆటను ప్రవక్త (స) తీవ్రంగా నిరసించినట్లు సహీహ్ ముస్లిమ్‌లో ఉన్నది. గవ్వ కూడా పాచిక వలెనే పడుతుంది, ఎవరి తెలివితోనూ దానికి పని లేదు. చదరంగం విషయంలో మన హనఫీ పండితులు కఠినంగా ఉన్నారు, షాఫయీలు కొంత వెసులుబాటు ఇచ్చారు. ఇదంతా చెప్పబోతుండగా ఫోన్‌లో వెనుక నుంచి పిల్లల గొంతులు వినిపించాయి: "మామూ వద్దంటారు, మాకు తెలుసు!" ఊపిరాడని ఇంట్లో నెలరోజులుగా మగ్గుతున్న పిల్లలకు "వద్దు" అని చెప్పి ఫోన్ పెట్టివేయడం ఫత్వా అవుతుంది గాని పెద్దరికం కాదనిపించింది. గవ్వలు పక్కన పెట్టి పులి-మేక ఆడమన్నాము. అందులో పాచిక లేదు, పందెం లేదు, ఆలోచన మాత్రమే ఉన్నది. నమాజు వేళ దాటనివ్వవద్దని చెప్పాము. మరునాడు చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది: పిల్లలతో పాటు వారి అబ్బా కూడా నేల మీద కూర్చున్నారట, పెళ్లయిన తరువాత ఆయన నేల మీద కూర్చోవడం తాను చూడటం అదే మొదటిసారి అట.

ప్రయాణంలో సహాబాలను ముందుకు సాగమని చెప్పి, ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలుసు. మొదట ఆమె గెలిచారు. ఏళ్ల తరువాత జరిగిన పందెంలో ప్రవక్త (స) గెలిచి, అప్పటి దానికి ఇది బదులని చమత్కరించారు. సైన్యాలనూ రాయబారాలనూ నడిపిన మనిషికి ఆ పాత పందెం అన్నేళ్లు గుర్తుండడం గమనించదగినది.

ఇంటి ఆటలు ఇలా మొదలవుతుండగా ప్రపంచపు ఆటలు మూతపడ్డాయి. టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. వింబుల్డన్ రద్దయింది. ఐపీఎల్ సెప్టెంబరు 19న అరబ్ ఎమిరేట్స్‌లో ఖాళీ మైదానాలలో మొదలయింది. జనం లేని చోట ముందే పట్టి ఉంచిన జనఘోషను వినిపించారు. మా మదర్సా ప్రాంగణంలో తొమ్మిది మంది పిల్లలు చేసిన నిజమైన గోల ఆ కోట్లాది రూపాయల ఆటకు దొరకలేదు.

ఆ ఏడాది క్రీడారంగంలో మా మనసును తాకినది మన హైదరాబాదు బిడ్డ ముహమ్మద్ సిరాజ్ విషయమే. ఆయన తండ్రి ఆటోరిక్షా నడిపి కుమారుని క్రికెటర్‌ను చేశారు. 2020 నవంబరు 20న ఆ తండ్రి కన్నుమూసినప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియాలో జట్టుతో క్వారంటైన్‌లో ఉన్నారు. ఇంటికి వెళ్లే అవకాశం ఇస్తామన్నా, తండ్రి కల నెరవేర్చడానికి అక్కడే ఉండిపోయారు. డిసెంబరులో మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడారు. సిడ్నీలో ప్రేక్షకుల నుంచి దూషణలు విన్నారు. బ్రిస్బేన్ రెండవ ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశారు. ఆ సిరీస్‌లో భారత జట్టు తరఫున అందరికంటే ఎక్కువగా 13 వికెట్లు ఆయనవే. జనవరిలో హైదరాబాదులో విమానం దిగి, ఇంటికన్నా ముందు తండ్రి సమాధి వద్దకు వెళ్లి దుఆ చేశారు. జనాజాకు రాలేకపోయిన కుమారుని ఆ ఏడాది ఎవరైనా తప్పుపట్టగలరా? రెండు వీధుల అవతల ఉన్నవారు కూడా రాలేకపోయిన కాలమది. మాకూ ఆ వంతు వచ్చింది.

కుప్పంలో మా సహాధ్యాయి ఒకరు ఉండేవారు. మేమిద్దరం ఒకే దారుల్ ఉలూమ్‌లో, ఒకే గదిలో చదువుకున్నాము. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడడం ఆయనకే చెల్లింది, కుప్పం అలాంటి ఊరు. చెల్లెలికి పులి-మేక ఆడమని చెప్పిన రోజు రాత్రి, మేమిచ్చిన సమాధానం సరైనదేనా అని ఆయనను సంప్రదించాము. "ఆడు పులి ఆట్టమా! మౌలానా, ఫత్వా తరువాత చూద్దాం, ముందు మీరు ఆడగలరా?" అన్నారు. అప్పటి నుంచి ఇద్దరం చెరొక కాగితం మీద పటం గీసుకొని, 23 కూడళ్లకూ అంకెలు వేసుకొని, ఇషా తరువాత ఫోన్‌లో ఎత్తులు చెప్పుకునేవారము. మూడు పులులకు గులకరాళ్లు, పదిహేను మేకలకు చింతపిక్కలు. ఆయన ఎప్పుడూ మేకలే కోరుకునేవారు. "పులిని చంపడం మేక వల్ల కాదు మౌలానా. కదలడానికి చోటివ్వకుండా ఎవరి చోట వారు కూర్చుంటే చాలు. ప్రభుత్వం ఇప్పుడు మనకు చెబుతున్నది ఇదే గదా!" అని నవ్వేవారు.

మా తొమ్మిది మంది పిల్లలూ రమజాను పండుగ తరువాత అనుమతి పత్రాలతో ఇళ్లకు చేరారు. బంతులు వారితోనే పంపాము. మదర్సా మూతబడింది, తెరుచుకున్నది, మళ్లీ మూతబడింది. ఫోన్‌లో ఆట మాత్రం ఏడాది సాగింది.

2021లో రెండవ అల మీదపడింది. మే 4న ఐపీఎల్‌ను నడిమధ్యలో నిలిపివేశారు. మరునాటి నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటలు దాటితే కర్ఫ్యూ. మే 14న పండుగ అయింది. ఆ తరువాతి వారంలో ఒక రాత్రి ఆయన దగ్గుతూనే పద్నాలుగవ మేకను 9వ కూడలిలో పెట్టించి, "మీ వంతు మౌలానా, పులి ఎటు పోతుందో రేపు చెప్పండి" అన్నారు. మరునాడు ఫోన్ ఆయన కుమారుడు ఎత్తాడు. ఆసుపత్రిలో చేర్చారు. అయిదవ రోజు ఆ వార్త వచ్చింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. మదనపల్లె నుంచి కుప్పానికి పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి పోవాలి. మూడు ఊళ్లూ అప్పటికి ఒకే చిత్తూరు జిల్లాలోనివే, అయినా ఆ రోజు మేము గుమ్మం దాటలేకపోయాము. మన హనఫీ మస్‌లక్‌లో ఎదుట లేనివారికి జనాజా నమాజు లేదు. గదిలో ఒంటరిగా దుఆ చేసుకొని కూర్చున్నాము. బల్ల మీద పటం అలాగే ఉన్నది.

బక్రీదు తరువాత దారులు తెరుచుకున్నాక కుప్పం వెళ్లాము. సమాధి వద్ద సలామ్ చెప్పి ఇంటికి వచ్చాము. ఆయన మనుమడు, పదేళ్ల వాడు, ఒక అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టాడు. అందులో ఆయన చేతితో గీసిన పటం, గులకరాళ్లు, చింతపిక్కలు. ఏ మేక ఏ అంకె మీద ఉన్నదో పక్కన రాసి ఉన్నది.

"దాదా మీ వంతు అన్నారు" అన్నాడు.

రాసినట్లే పేర్చాము. మేము ఒక పులిని కదిపాము. వాడు ఏమాత్రం ఆలోచించకుండా పదిహేనవ మేకను పెట్టాడు. మరి కొన్ని ఎత్తులలో మా మూడు పులులకూ దారి లేకుండా పోయింది. వాడు తలెత్తి, ఇంకొక ఆట ఆడదామా అని అడిగాడు. జొహర్‌కు ఇంకా అరగంట ఉన్నది. చింతపిక్కలు మళ్లీ లెక్కపెట్టగా ఒకటి తక్కువ వచ్చింది. వాడు మంచం కిందికి దూరి వెదకసాగాడు.