బండికప్పునకు వెనుక కిటికీ

ఇల్లనగా గోడలు, కప్పు, వాకిలి గల కట్టడమే యని మనము తలంతుము. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో చక్రములమీద సాగు చిన్న యిండ్లును గలవు. అచటివారు సామాను మోయుటకు పికప్ ట్రక్కను బండిని విశేషముగా వాడుదురు. దానికి ముందు నడుపువారి గదియు, వెనుక పైకప్పు లేని తొట్టియు నుండును. ఆ తొట్టిపై మూతవలె బోర్లించు కప్పునకే క్యాంపర్ షెల్ అని పేరు. ఇది ఫైబర్‌గ్లాసుతోగాని అల్యూమినియముతోగాని చేయబడును. సెలవుదినములలో అడవులకును కొండలకును బోయినవారు రాత్రివేళ నందే పరుండుదురు. మన తెలుగు కుటుంబము లనేకము ఆ దేశమున కాపురముండుటచే, ఈ సంగతి మన బిడ్డల సంగతియు గావచ్చును.

ఈ కప్పునకు వెనుకప్రక్క పైకెత్తి తెరచు అద్దపు కిటికీ యుండును. అది పగిలినచో క్రొత్తది కొనుట వ్యయసాధ్యము. కావున పలువురు పాతబండ్ల విడిభాగము లమ్ముచోట వెదకి, ఒకరు వాడిన కిటికీని తెచ్చి యమర్చుకొందురు. పాతవస్తువును పనికి దెచ్చుకొనుట మెచ్చదగిన గుణమే. అయినను ఇందు కొన్ని మెలకువలు కావలయును.

మొదటిది కొలత. ఇట్టి కిటికీలకు సాధారణముగా గట్టిపరచిన యద్దమును వాడుదురు. అద్దమును 600 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి కాచి, చల్లనిగాలితో నొక్కుమ్మడి చల్లార్చుటచే దాని కా బలము వచ్చును. పగిలినను అది వాడి పెంకులుగాక చిన్నగుళ్లుగా రాలును. అయితే గట్టిపరచిన తరువాత దానిని కోయుటకుగాని, రంధ్రము వేయుటకుగాని వీలులేదు. అట్లు చేసినచో సాంతము చిట్లిపోవును. చొక్కా పెద్దదైన మడచి కుట్టవచ్చును గాని, ఈ యద్దము అరయంగుళము పెద్దదైనను నిరుపయోగమే. కావున పైవెడల్పు, క్రిందివెడల్పు, ఎత్తు, రెండు మూలకొలతలు, మూలల గుండ్రము, అద్దపు వంపు, పిడికిని మడతబందులకును గల రంధ్రముల స్థానములు ముందే చూచుకొనవలెను. ఒక యట్టముక్కను కప్పు వాకిటికి సరిగా కత్తిరించి, అంగడికి వెంట గొనిపోవుట సులభోపాయము.

రెండవది యమరిక. పాత రబ్బరుపట్టీని, జిగురును పూర్తిగా గీకి, అంచును తుడిచి యారనీయవలెను. ఎండిన సిలికానుపై క్రొత్త సిలికాను చక్కగా నంటదు. పాతపట్టీ ఎండి బీటలువారి యుండును గాన, కిటికీ పాతదైనను పట్టీ మాత్రము క్రొత్తదే వేయవలెను. అద్దమును ఇద్దరు పట్టుకొని యమర్చుట మేలు. మరలను ఒక్కసారిగా బిగింపక, అన్నిటిని కొంచెము కొంచెముగా బిగింపవలెను. లోహము అద్దమున కానకుండ నడుమ రబ్బరుబిళ్లలు వేయవలెను. కిటికీని ఎత్తిపట్టు వాయువు నింపిన కడ్డీలు అద్దపు బరువునకు దగినవై యుండవలెను. మిక్కిలి బలమైనవైనచో అద్దమును వంచి పగులగొట్టగలవు.

మూడవది పరీక్ష. పట్టీకిని అంచునకును నడుమ కాగితపు ముక్క నుంచి కిటికీ మూసి లాగవలెను. ఏచోట కాగితము తేలికగా జారివచ్చునో, అచట సందు గలదన్నమాట. పిమ్మట బయటినుండి నీరు చల్లుచు లోపల తడి చూడవలెను.

ఇంత శ్రమ వాననీటికొరకే యనుకొనవలదు. బండి పరుగెత్తునపుడు దాని వెనుక గాలి పలుచబడి, పొగగొట్టమునుండి వెడలిన పొగ సుడితిరిగి లోనికి లాగబడును. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. అది రక్తములో ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో నంటుకొనును. తలనొప్పి, నిద్రమత్తు గలిగి, తుదకు స్పృహ తప్పును. పిల్లలు నిదురించుచున్నారని తల్లిదండ్రులు భ్రమపడుదురు. 1992లో అమెరికా వైద్యసంఘ పత్రికయందు సియాటిల్ వైద్యులు, పికప్ బండ్ల వెనుక ప్రయాణించి యీ విషవాయువు పాలైన 20 మంది పిల్లలనుగూర్చి వ్రాసిరి. వారిలో 17 మంది ఇట్టి మూతకప్పుల క్రిందనే యుండిరి. ఒక బిడ్డ మరణించెను. ఆ బండ్ల పొగగొట్టములు కారుచుండుటయో, వెనుకకు తెరచి యుండుటయో కారణమని వారు కనుగొనిరి.

పరీక్షిన్మహారాజు ఎన్ని కావళ్లు పెట్టుకొన్నను తక్షకుడు పండులోని పురుగై ప్రవేశించెను గదా! ఈ విషమునకును సన్నని సందు చాలును. పట్టీ యెంత చక్కగా గుదిరినను పిల్లల నందెక్కించి ప్రయాణము చేయరాదు. వారి చోటు ముందుగదిలోనిదే. కప్పులో పరుండునపుడు ఇంజనును నడువనీయరాదు, పొయ్యి వెలిగింపరాదు. గాలి వచ్చుటకు ప్రక్కకిటికీ కొంచెము తెరచి, ఆ విషవాయువును కనిపెట్టి మ్రోగు చిన్నయంత్రమును దగ్గర నుంచుకొనవలెను. పొగగొట్టమును బాగుచేయింపక కిటికీని మాత్రము మార్చుట సగము పనియే.

పాత యద్దముతో మిగిలిన పైకమునందు కొంత క్రొత్తపట్టీకిని, ఆ యంత్రమునకును వెచ్చించు గృహిణియే నిజమైన పొదుపరి.