తప్పు పెంపకానిది కాదు!

"ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు. చెప్పింది చెవిన పెట్టడు. అంతా తల్లి గారాబం!" - ఇలాంటి మాటలు పడని తల్లులు అరుదు. పిల్లాడు బడిలో పెన్సిల్ పారేసుకున్నా, లెక్క సగంలో వదిలేసినా అత్తగారి దగ్గర్నుంచి టీచరు దాకా అందరి వేలూ ఆమె వైపే!

పిల్లలన్నాక అల్లరి మామూలే. కానీ కొందరిలో అది ఇంట్లోనూ, బడిలోనూ కూడా నెలల తరబడి ఒకే తీరున సాగుతుంది. చదువుకీ, స్నేహాలకీ అడ్డొస్తుంది. ఏకాగ్రత లోపించడం, అతి చురుకుదనం కనిపించే ఈ పరిస్థితినే డాక్టర్లు ఏడీహెచ్‌డీ అంటారు. ఇది పొగరూ కాదు, బద్ధకమూ కాదు.

స్కాన్‌లలో ఏం కనిపించింది?

అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన డాక్టర్ అలన్ జామెట్‌కిన్ బృందం 1990లో ఒక పరిశోధన ప్రచురించింది. చిన్నప్పట్నుంచీ ఈ ఇబ్బంది ఉన్న 25 మంది పెద్దవాళ్లకి పెట్ స్కాన్ తీశారు. మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజు వాడుకుంటోందో ఇందులో తెలుస్తుంది. మిగతావాళ్లతో పోలిస్తే వీళ్ల మెదడు సుమారు 8 శాతం తక్కువగా వాడుకుంటోందని తేలింది. తేడా ఎక్కువగా కనిపించింది శ్రద్ధనీ, కదలికలనీ అదుపు చేసే ముందు భాగాల్లోనే.

అదే సంస్థలో ఫిలిప్ షా బృందం 2007లో మరో సంగతి బయటపెట్టింది. ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది పిల్లల ఎమ్మారై స్కాన్‌లను, లేని 223 మందివాటితో పోల్చి చూశారు. ఎదిగే వయసులో మెదడు పైపొర మందమెక్కి, ఆ తర్వాత పల్చబడుతుంది. పైపొరలో సగభాగం పూర్తి మందానికి చేరేసరికి మామూలు పిల్లలకి ఏడున్నరేళ్లు వస్తే, వీళ్లకి పదిన్నర! ఎదుగుదల వరస మాత్రం దాదాపు అదే. అయితే కదలికల్ని నడిపించే భాగం వీళ్లలో కాస్త ముందే ఎదిగింది. అంటే గుర్రం ముందే సిద్ధం, కళ్లెం మాత్రం ఆలస్యం!

కవలల మీద జరిగిన పరిశోధనలు కూడా ఇందులో వంశపారంపర్యానిదే పెద్ద పాత్ర అని చెబుతున్నాయి. కాబట్టి తల్లి గారాబం వల్ల వచ్చిందన్న మాటకి అర్థం లేదు.

మరి స్కాన్ తీయిద్దామా?

వద్దు! 2017లో మూడు వేలమందికి పైగా స్కాన్‌లను కలిపి చూసినప్పుడు, మెదడు లోపలి కొన్ని భాగాలు వీళ్లలో చిన్నవిగా ఉన్నట్టు తేలింది. కానీ ఆ తేడా చాలా స్వల్పం. వందలమంది సగటులో కనిపించే తేడాతో మీ బాబుకి ఏడీహెచ్‌డీ ఉందో లేదో చెప్పలేరు. వేరే జబ్బేదైనా ఉందని డాక్టరు అనుమానిస్తే తప్ప స్కాన్‌కి డబ్బు పొయ్యనక్కర్లేదు.

పిల్లల మానసిక వైద్యులు మీతోనూ, టీచరుతోనూ మాట్లాడే నిర్ధారిస్తారు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలయ్యాయా, కనీసం ఆరు నెలలుగా ఉన్నాయా, ఇల్లూ బడీ రెండుచోట్లా కనిపిస్తున్నాయా అని చూస్తారు. చూపు, వినికిడి, నిద్ర సరిగా ఉన్నాయో లేదో కూడా కనుక్కుంటారు.

మీ చేతిలో ఉన్నది

ఆలస్యమే కదా, అదే సర్దుకుంటుందిలే అని ఊరుకోకండి. చాలామందిలో ఇది పెద్దయ్యాక కూడా ఉంటుంది. నాలుగు పనులు ఒకేసారి పురమాయించకుండా ఒక్కోటే చెప్పండి. హోంవర్కుని చిన్న చిన్న ముక్కలు చేసి, మధ్యలో కాసేపు ఆడుకోనివ్వండి. చేసిన పనిని వెంటనే మెచ్చుకోండి. మందులు అవసరమా కాదా అన్నది డాక్టరుకే వదిలెయ్యండి. రెండు దెబ్బలు వేస్తే మాత్రం మెదడు తొందరగా ఎదగదు!

ఆడపిల్లల విషయంలో మరింత కనిపెట్టి ఉండాలి. వీళ్లలో చాలామంది గెంతరు, అల్లరి చెయ్యరు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. 'నెమ్మదస్తురాలు, కాస్త మతిమరుపు' అని వదిలేస్తాం. మీ అమ్మాయి అలా ఉంటే ఓసారి డాక్టరుకి చూపించండి.