నీరు నిలిచిన చోటు

స్వీడన్ దేశపు దక్షిణభాగమున, స్మాలాండ్ అను సీమలో, రీడ్ అను చిన్న యూరికి సమీపమున షుర్కో మోస్సే అను చిత్తడినేల యొకటి కలదు. 1935 ప్రాంతమున ఓకె డానియల్సన్ అను నతడు ఆ నేలను కొని, నాచు వేలయేండ్లుగా కుళ్లి పేరుకొనగా నేర్పడిన పీటు అను ఇంధనపు మట్టిని త్రవ్వి అమ్ముకొని జీవించెను. ఆ బేరము సన్నగిల్లిన పిమ్మట పాతకార్లను కొనితెచ్చి, పనికివచ్చు భాగములను విప్పి విక్రయించుచు, మిగిలిన డొక్కులను అచ్చటనే చెట్లనడుమ విడిచిపెట్టెను. అతడు గతించినను సుమారు 150 కార్లు నేటికిని అచ్చట నున్నవి. వానిని తొలగింపక 2050వ సంవత్సరమువరకు అట్లే యుండనిత్తుమని ఆ ప్రాంతపు పురపాలకులు నిర్ణయించిరి. తుప్పు పట్టుటకు ప్రభుత్వమువలన ఇట్లు గడువు పొందిన యినుము లోకమున మరియెచ్చట నున్నదో నే నెరుగను.

ఆ వనమునకు ఏటేట ఛాయాగ్రాహకులు వచ్చుచుందురు. వారిలో పెక్కుమంది దూరముగ నిలిచి, కిటికీగుండ దూసికొనివచ్చిన చెట్టును, నాచు కప్పిన పైకప్పును ఒక్క చిత్రమున నిమిడించి, తృప్తిపడి మరలిపోవుదురు. ఆ చిత్రములు మనోహరములే. కాని పదింటిని ప్రక్కప్రక్కన బెట్టినచో ఏది ఏ కారుదో పోల్చుట కష్టము. తుప్పు యథేచ్ఛగా పుట్టునది కాదు, నీరు నిలిచిన చోటులను వెదకికొని పుట్టునది. ఏ కారుపై నీ రెచ్చట నిలుచునో గమనించినవానికి కటకమును ఎచ్చటికి త్రిప్పవలెనో మరియొకరు చెప్పనక్కరలేదు.

నీరును గాలియు సోకిన యినుము తుప్పగునని బడిపిల్లలకును తెలియును. కాని ఆ కార్యమంతయు ఒక్కచోట జరుగదనుట అంతగా ప్రచారమున లేని విషయము. ఒకచోట ఇనుము తన ఎలక్ట్రానులను విడిచి నీటిలో కరగిపోవును. ఆ ఎలక్ట్రానులు లోహము వెంబడి ప్రయాణించి మరియొకచోట నీటిలోని ఆక్సిజనునకు చేరును. అనగా ప్రతి తడిమరకయు ఒక చిన్న విద్యుద్ఘటము. కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అను శాస్త్రజ్ఞుడు 1920 దశాబ్దమున దీనిని అతిసులభమైన ప్రయోగముతో కన్నులకు గట్టునట్లు చూపెను. మెరుగుపెట్టిన యినుపరేకుపై ఉప్పునీటి బొట్టొకటి వేసి, ఇనుము కరగినచోట నీలమును, క్షారము పుట్టినచోట గులాబివన్నెయు తోచునట్లు అందు రెండు ద్రవ్యములను కలిపెను. కొంతసేపటికి బొట్టు అంచున గులాబివలయమును, నడుమ నీలమును ఏర్పడినవి. గాలి ధారాళముగ సోకు నంచు క్షేమము. గాలి చొరరాని నడిమిభాగమే క్షీణించుచున్నది! ఆక్సిజనే తుప్పునకు మూలమని నమ్మినవారికి ఇది విడ్డూరముగ దోచుట సహజమే.

ఈ బొట్టును మనస్సున నుంచుకొని కారును సమీపించినచో అంతయు విశదమగును. మడ్‌గార్డు లోపల గట్టిపడిన బురదచాటున, తలుపు అడుగున రేకును మడచిన మడతలో, పెచ్చుకట్టిన రంగుక్రింద, ఇట్లు గాలి యాడని తడితావులయందే రేకు ముందుగ చిల్లులు పడును. శీతకాలమున మంచు కరగుటకై రోడ్లపై చల్లు ఉప్పు, కార్లు తిరిగిన దినములలోనే ఆ మడతలలో జేరి, విద్యుత్తు సాగుటకు తోడ్పడియుండును. పైకి నిగనిగలాడు రంగుపై ఒక బుడిపె లేచి, దానినుండి సన్నని గోధుమరంగు చార క్రిందికి జారియున్నచో, లోపల సగము పని ముగిసినదని గ్రహింపవలెను. ఆ బుడిపెకు ఎదురుగాగాక ప్రక్కనుండి వెలుతురు పడు వేళ చూచి, దగ్గరగా జరిగి చిత్రించుట మేలు. తుప్పు తాను తినివేసిన యినుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు ఎక్కువ చోటు నాక్రమించుటచే పొరలుపొరలుగా పొంగి విరిగియుండును, ఏటవాలు వెలుతురులోగాని ఆ పొరలు తేటపడవు.

తుప్పు ఒక్క రంగుది గాదు. క్రొత్తది నారింజవన్నె; కాలక్రమమున అది గోధుమవన్నెకు మారి, గోథైటు అను ఖనిజమగును. 1806లో ఈ ఖనిజమునకు జర్మన్ మహాకవి గోథే పేరు పెట్టిరి. ఆయన గనుల వ్యవహారములు చూచిన మంత్రియు గావున అది పొగడ్తయే గాని పరిహాసము కాదు. ఇనుపమలము ప్రాతబడినకొలది మేలగుననుటయు కలదు: మన ఆయుర్వేదమున మండూరమనబడు ఇనుపచిట్టెము నూరేండ్లది యుత్తమము, ఎనుబదియేండ్లది మధ్యమము, అరువదియేండ్లది అధమము. అది కొలిమి చిట్టెము, ఇది తుప్పు. అయినను ఆ లెక్కనే పెట్టినచో ఈ కార్లలో పెక్కు ఇంకను మధ్యమశ్రేణికైన చేరలేదు.

చిత్రమునకు ఎండకంటె మబ్బు మంచిది, మబ్బుకంటె వాన వెలిసిన గడియ మంచిది. పొడితుప్పులోని సన్నని రంధ్రములనిండ గాలి యుండుటచే కాంతి పైపైననే చెదరి వెనుదిరుగును. వానకు అవి నీటితో నిండగా కాంతి లోతునకు జొచ్చి, నీలిభాగమును పోగొట్టుకొని వెలువడును. కావుననే తడిసిన తుప్పు ముదురెరుపు. అయితే తడిసిన ఆకులును, అద్దములును తెల్లగా మెరసి చిత్రమును చెరచును. ఈ మెరుపును, ఒకే దిశలో కంపించు (అనగా ధ్రువణము చెందిన) కాంతిని అడ్డగింపగల ధ్రువణఫలకముతో అణచవచ్చును. అద్దమునకు లంబముగ నిలిపిన రేఖతో సుమారు 56 డిగ్రీల కోణమున నిలిచి ఫలకమును మెల్లగా త్రిప్పినచో, మెరుపు పోయి లోపలి చినిగిన సీటు తెరదీసినట్లు కానవచ్చును. ఆ కోణపు నియమము 1815లో బ్రూస్టరు అను శాస్త్రజ్ఞుడు కనుగొన్నది. క్రోమియము పూసిన బంపరుపై మాత్రము ఈ యుపాయము పారదు. లోహమునుండి వెనుదిరిగిన కాంతి ఆవిధముగ ధ్రువణము చెందదు. మరియొక చిక్కు కెమెరాదే: చుట్టును పచ్చదనము చూచి, దానిని తగ్గింపబూని, అది తుప్పునకు లేని గులాబిఛాయ నంటగట్టును. కారుప్రక్కన బూడిదరంగు అట్ట యుంచి, దానినిబట్టి రంగులు సరిచూచుకొనవలెను.

ఇట్టి చిత్రములక్రింద, చెట్టు కారును పైకెత్తినదని వ్యాఖ్య వ్రాయువారిని చూచుచుందుము. చెట్టు పొడవగుట కొననుండియే. మొదలు లావెక్కునుగాని పైకి జరుగదు. కాండముపై కొట్టిన మేకు ఏబదియేండ్లకును అదే యెత్తున నుండును. కావున బానెట్టుగుండ మొలచిన చెట్టు ఇనుమును ప్రక్కకు నెట్టును, ఒక్కొక్కప్పుడు బెరడులో నిముడ్చుకొనును, అంతియే.

ఈ చిత్రములను ముద్రించుకొనుటకు ఇనుముతోనే యొక మార్గమున్నది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైపు పద్ధతిలో, ఇనుపలవణము పూసిన కాగితముపై చిత్రపు నెగటివు ప్రతిని పరచి ఎండలో నుంచుదురు. తుప్పులో ఇనుము మరియొక ఎలక్ట్రానును కోల్పోయి ఫెర్రస్ స్థితినుండి ఫెర్రిక్ స్థితికి పోవును. ఇచ్చట ఎండ దానిని మరల ఫెర్రస్ స్థితికి దింపి నీలవర్ణమును పుట్టించును. నీలము తోచుటకై ఎవాన్స్ తన బొట్టులో కలిపిన పొటాషియం ఫెర్రిసయనైడే ఈ కాగితముపైనను ఉండును. ఆ బొట్టునడుమ వెలసిన నీలమును, ఈ నీలమును ఒక్కటియే. పిమ్మట కాగితమును పళ్లెములోని నీటిలో ముంచి కడిగినచో ఎండ తగులని లవణమంతయు కొట్టుకొనిపోయి, తెల్లని చోటుల నడుమ కారు నీలముగ నిలుచును.